సైకిలెక్కే ముందు చున్నీ, చైను, హెల్మెట్

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సైకిలు గురించే. ఏం కట్టుకోవాలి, తలకి ఏం పెట్టుకోవాలి అని అడిగారు. రాసినవాళ్లలో దాదాపు అందరూ బడికో, పనికో, బజారుకో రోజూ తొక్కేవాళ్లు. అందుకని రేసు బట్టల సంగతి చివరికి నెట్టేశాం.

*మా గుంట తొమ్మిదో తరగతి. యూనిఫారం పంజాబీ డ్రెస్సు. మొన్న చున్నీ వెనక చక్రంలో పడి కిందకి ఈడ్చేసింది. మెడ మీద ఎర్రటి గీతతో పోయింది. బడేమో నాలుగు కిలోమీటర్లు. సైకిలు మానిపించేయమంటారా? ఏటి చేయాలండీ?*
— ఒక తల్లి, పొందూరు

మానిపించకండి. ముందు ఆ చున్నీ ఎలా వేసుకుందో చూడండి. బళ్లలో ఆడపిల్లలు చున్నీని వి ఆకారంలో మడిచి, రెండు భుజాల మీదా పిన్నీసులు పెట్టి, రెండు చివర్లూ వీపు మీద వదిలేస్తారు. నడిచేటప్పుడు ఫర్వాలేదు. సీటు మీద కూర్చుంటే ఆ రెండు చివర్లూ సరిగ్గా వెనక చక్రం మీదికి వస్తాయి. పైగా పిన్నీసులు గట్టిగా పట్టి ఉంచుతాయి కాబట్టి లాగినా ఊడి రాదు, గొంతు మీద ఉచ్చు బిగిసినట్టు బిగుస్తుంది. 26 అంగుళాల చక్రం ఒక చుట్టు తిరిగితే సైకిలు రెండు మీటర్ల పైచిలుకు పోతుంది. మామూలుగా తొక్కే వేగంలో, అంటే గంటకి 15 కిలోమీటర్లలో, సెకనుకి రెండు చుట్లు తిరుగుతుంది. రెండుంబావు మీటర్ల చున్నీ చువ్వలకి చుట్టుకోవడానికి ఎంతసేపు? బ్రేకు వేద్దామని తోచేలోపు అయిపోతుంది.

అన్నిటికంటే మంచిది చున్నీ మడిచి సంచిలో పెట్టుకుని, బడి గేటు దగ్గర వేసుకోవడం. కుదరదంటే ఇలా చేయించండి. చున్నీని కుడి భుజం మీంచి ఏటవాలుగా ఎడమ నడుముకి తెచ్చి, అక్కడ ముడి వేసి, మిగిలిన చివర్లు రెండూ ముడి లోపలికే దోపేయాలి. చివర ఒక్క జానెడు కూడా వేలాడకూడదు. భుజం మీద పిన్నీసు బదులు ప్రెస్ బటన్ కుట్టించండి. ఎక్కడైనా పట్టుకుంటే టప్పున ఊడి వస్తుంది.

రెండో పని సైకిలుకి. వెనక చక్రానికి రెండు పక్కలా వల కట్టించండి. కొన్ని లేడీస్ సైకిళ్లకి కంపెనీ నుంచే వస్తుంది, రెండేళ్లకి విరిగిపోతే ఎవరూ మళ్లీ వేయించరు. నైలాను చేపల వల ముక్క చాలు, మన తీరం ఊళ్లలో అడిగితే ఊరికే ఇస్తారు. కన్ను అంగుళానికి మించని వల తీసుకోండి. మడ్‌గార్డు అంచున రెండంగుళాలకో చిన్న బెజ్జం వేయించి, వలని అక్కడి నుంచి ఇరుసు దాకా విసనకర్ర ఆకారంలో లాగి, ప్లాస్టిక్ ట్యాగులతో బిగించాలి. బైండింగు తీగ వద్దు, దాని కొనలే బట్టని పట్టుకుంటాయి. అంతా అయ్యాక చక్రం తిప్పి చూడండి. వల వదులుగా ఉంటే అదే చువ్వల్లోకి పోతుంది.

మూడోది చైన్ కవర్. చైను కుడివైపు ఉంటుంది కాబట్టి కుడికాలి ప్యాంటే నలుగుతుంది. లెగ్గింగు, చుడీదారు అయితే బాధ లేదు. పటియాలా, పలాజో వేసుకుంటే చైను చుట్టూ మూసి ఉండే పూర్తి కవరే కావాలి. సగం కవరు ఉన్న సైకిలుకి చైను కింది వరస బయటే ఉంటుంది.

ఇంకొక్క మాట మీ అమ్మాయికి నేర్పండి. బట్ట చైనులో పడితే ముందుకి తొక్కకూడదు. దిగి, పెడల్‌ని చేత్తో వెనక్కి తిప్పుతూ బట్టని మెల్లగా లాగాలి, వచ్చేస్తుంది. చక్రంలో పడితే సైకిలునే వెనక్కి దొర్లించాలి. మెడకి బిగిసి ఉంటే ఇవేవీ వద్దు, బట్టని కత్తిరించేయడమే.

చీర కట్టుకుని తొక్కే అమ్మలకీ ఇదే వర్తిస్తుంది. కుచ్చిళ్లు చీలమండ కంటే జానెడు పైకి ఉండేలా ఎత్తి కట్టుకుని, కొంగు నడుం చుట్టూ తిప్పి బొడ్లో దోపుకోండి. చాలామంది మరిచిపోయేది లోలంగా సంగతి. దాని ఘేరు, అంటే కింది చుట్టు వెడల్పు, తక్కువైతే మోకాలు లేవదు, దిగేటప్పుడు కాలు అందక పడిపోతారు.

*పైడిభీమవరం వైపు ఫ్యాక్టరీలో పని. రాత్రి పదికి షిఫ్టు దిగి ఆరు కిలోమీటర్లు తొక్కుతాను. కంపెనీ యూనిఫారం ముదురు నీలం. చిలకపచ్చ చొక్కా ఒకటి కొన్నాను, అయినా బళ్లవాళ్లు చూడనట్టే మీదికొచ్చేస్తున్నారు.*
— కార్మికుడు, రణస్థలం మండలం

ఆ చిలకపచ్చ రంగు పగటి సరుకు. ఎండలో కంటికి కనపడని కిరణాలని కూడా వెలుగుగా మార్చి ఇస్తుంది కాబట్టే అంతలా మెరుస్తుంది. సూర్యుడు పోయాక అదీ ఒక లేతరంగు చొక్కానే. రాత్రి పనిచేసేది దాని మీద ఉండే వెండి రంగు పట్టీ. హెడ్‌లైటు వెలుగు ఎటు నుంచి పడితే అటే తిప్పి కొడుతుంది కాబట్టి డ్రైవరు కంటికే నేరుగా పోతుంది. మీ చొక్కాకి ఆ పట్టీ ఉందా? చవకగా దొరికేవాటిలో కొన్నింటికి పట్టీ ఉండదు, ఇంకొన్నింటికి ఉత్త బూడిదరంగు గుడ్డే పట్టీలా కుట్టేసి ఉంటుంది. చీకట్లో సెల్‌ఫోను టార్చి కంటి పక్కన పెట్టి వెలిగించి పది అడుగుల దూరం నుంచి చూడండి. తెల్లగా భగ్గుమంటే అసలుది.

పట్టీ ఉన్నా కనపడకపోవడానికి మామూలు కారణం టిఫిన్ సంచి. వీపుకి సంచి తగిలించుకుంటే వెనక పట్టీ మొత్తం దాని కింద దాక్కుంటుంది. సంచిని క్యారేజీకి కట్టేయండి, లేదా సంచికే రెండు పట్టీలు కుట్టించండి.

అంతకంటే బాగా పనిచేసేది చీలమండలకి కట్టే పట్టీ. కాళ్లు పైకీ కిందకీ ఆడుతుంటాయి. కదలకుండా మెరిసేది మైలురాయో స్తంభమో అనుకుని డ్రైవరు వదిలేయొచ్చు, పైకీ కిందకీ కదిలే రెండు వెలుగులు మాత్రం మనిషివేనని వెంటనే తెలిసిపోతుంది. అవే ప్యాంటుని చైనుకి దూరంగా పట్టి ఉంచుతాయి కూడా. లెక్క చూడండి: గంటకి 60 కిలోమీటర్లలో వచ్చే బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు వచ్చేస్తుంది. డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు పెట్టేసరికే సెకనున్నర పోతుంది, అంటే 25 మీటర్లు. బండి ఆగడానికి పొడి రోడ్డు మీద ఇంకో 20. ముదురు నీలం యూనిఫారం డిమ్ లైటులో కనపడేసరికి ఆ దూరం ఉండదు.

మడ్‌గార్డుకి ఎర్ర రిఫ్లెక్టరు, క్యారేజీ చివర ఎర్ర లైటు తప్పనిసరి. లైటుని సీటు కింద పెడితే సంచో, చొక్కా అంచో కప్పేస్తుంది. పట్టీ ఉన్న చొక్కాని బ్రష్షుతో రుద్దకండి, ఇస్త్రీ చేయకండి. ఆ మెరుపు సన్నటి గాజుపూసల వల్ల వచ్చేది, అవి రాలిపోతే పట్టీ గుడ్డిదైపోతుంది.

*ఇంట్లో స్కూటరు హెల్మెట్ ఉంది. సైకిలుకి అది చాలదా? అసలు సైకిలుకి హెల్మెట్ చట్టమా?*
— ఉపాధ్యాయుడు, విజయనగరం

చట్టం కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను మోటారు సైకిళ్లకే. పెట్టుకోమనేది మేమే.

స్కూటరు హెల్మెట్ దెబ్బకి బాగానే ఆగుతుంది, చిక్కంతా వేడితోనే. అది కిలో పైన ఉంటుంది, గాలి రంధ్రాలు నామమాత్రం. సైకిలుది 250 నుంచి 350 గ్రాములు, పైనంతా కిటికీలే. మే నెలలో మూడు లాంతర్ల దగ్గర్నుంచి కంటోన్మెంటు దాకా కిలో బరువు తలమీద పెట్టుకుని తొక్కమంటే ఎవరైనా సగం దారిలో తీసి హ్యాండిలుకి తగిలిస్తారు. హ్యాండిలుకి తగిలించిన హెల్మెట్ తలని కాపాడకపోగా, ఊగుతూ బ్రేకు తీగకి తగులుకుంటుంది. రెండు కిలోమీటర్ల లోపు, చలికాలం, ఇంకోటి కొనే వీల్లేదు అంటే స్కూటరుదే వాడండి, తప్పు లేదు. సైకిలు హెల్మెట్‌తో స్కూటరు ఎక్కడం మాత్రం ఎప్పుడూ వద్దు. ద్విచక్ర మోటారు వాహనాల హెల్మెట్‌కి ఐఎస్ 4151 ప్రమాణం ఉంది, 2021 జూన్ 1 నుంచి ఆ ఐఎస్ఐ మార్కు లేనివి అమ్మకూడదు. సైకిలుది ఆ దెబ్బలకి తయారు చేసింది కాదు. ఇంటిపని మేస్త్రీలు పెట్టుకునే పసుపు ప్లాస్టిక్ టోపీ దేనికీ పనికిరాదు. అది పైనుంచి ఇటుక పడితే ఆగడానికి. పక్కకి పడినప్పుడు ముందు అదే ఊడి దొర్లుతుంది.

సైకిలు హెల్మెట్ కొనేటప్పుడు లోపలి చీటీ చదవండి. ఈఎన్ 1078 అని గాని, సీపీఎస్‌సీ అని గాని ఉండాలి. మొదటిది ఐరోపాది, రెండోది అమెరికాది. ఈఎన్ పరీక్షలో హెల్మెట్ తొడిగిన లోహపు తల బొమ్మని సుమారు మీటరున్నర ఎత్తు నుంచి చదునైన దిమ్మ మీద పడేస్తారు. అంటే మనిషి సైకిలు మీంచి పడితే తల నేలకి తగిలే తీరు. లారీ గుద్దితే ఏమవుతుందో ఆ పరీక్ష చెప్పదు. రాత్రిపూట కనిపించడం గురించి పై జవాబులో అంత రాసింది అందుకే.

*హెల్మెట్ కొన్నాను గాని గతుకులో ఎగిరితే కళ్ల మీదికి జారిపోతోంది. వెనక్కి నెట్టుకుంటే నుదురంతా బయటే. నాది పెద్ద జడ, తలకి నూనె కూడా రాస్తాను.*
— అంగన్‌వాడీ ఉద్యోగిని, బొబ్బిలి

నుదురు బయటపడేలా పెట్టుకుంటే పెట్టుకోనట్టే. ముందుకి పడినప్పుడు మొదట తగిలేది అదే. మళ్లీ మొదటి నుంచి సర్దుకోండి.

కుట్టుపని టేపుతో తల చుట్టు కొలవండి, కనుబొమల పైన ఒక వేలు వదిలి, వెనక ఎత్తుగా ఉండే ఎముక మీదుగా. సెంటీమీటర్లలో వచ్చిన అంకె హెల్మెట్ మీద రాసిన కొలతల మధ్యలో పడాలి. 54–58 అని ఉంటే, మీది 54 అయితే అది మీకు వదులే. తర్వాత నేలకి సమాంతరంగా పెట్టుకోండి. కనుబొమకీ అంచుకీ మధ్య రెండు వేళ్ల ఎడం ఉండాలి, కళ్లు పైకెత్తితే అంచు కనపడాలి. వెనక ఉన్న తిరుగుడు బిళ్లని బిగించి, గడ్డం పట్టీ పెట్టకుండానే తల వంచి ఊపండి, పడకూడదు. ఇప్పుడు పట్టీలు. చెవికి ముందొకటీ వెనకొకటీ దిగి, చెవితమ్మె కింద కలవాలి. గడ్డం కింద రెండు వేళ్లు దూరేంత సందు చాలు. నోరు బాగా తెరిచి ఆవులించినట్టు చేయండి, హెల్మెట్ నడినెత్తిని నొక్కితే బిగింపు సరిపోయినట్టు.

మీకు కళ్ల మీదికి జారుతోందంటే వెనక పట్టీ వదులుగా ఉంది. చెవి వెనక దాన్ని కురచ చేయండి. వెనక్కి జారేవాళ్లు చెవి ముందు పట్టీని కురచ చేసుకోవాలి. దుకాణంలో ఈ పట్టీలు ఎవరూ సర్దివ్వరు, కొన్నప్పటి నుంచి అలాగే వేలాడుతుంటాయి.

జడ ఉంటే బిళ్ల కింద నుంచి బయటికి తీయండి. కొప్పు అయితే మెడ మీదికి దించి వేసుకోండి. నడినెత్తి కొప్పు మీద హెల్మెట్ కూర్చోదు, గిన్నె మీద గిన్నెలా ఊగుతుంది. పూలు సైకిలు దిగాక పెట్టుకోండి. పల్చటి నూలు గుడ్డ ఒక మడత కట్టుకోవచ్చు గాని తువ్వాలు చుట్టి పైన హెల్మెట్ పెడితే కొలతంతా తప్పుతుంది. నూనె వల్ల లోపలి స్పాంజి ముక్కలు జిడ్డు పట్టి వాసనేస్తాయి. అవి ఊడొస్తాయి, పీకి వారానికోసారి మామూలు సబ్బుతో ఉతికి నీడన ఆరబెట్టండి. పెంకుని తడి గుడ్డతో తుడిస్తే చాలు. పెట్రోలు, థిన్నరు తగలనివ్వద్దు. లోపలున్నది థర్మాకోల్ జాతి నురగ, పెట్రోలు పడితే కరిగిపోతుంది. పెంకుకి పెయింటు వేయించడం కూడా అందుకే వద్దంటాం.

ఒకసారి గట్టిగా పడ్డాక పైకి చీలిక కనపడకపోయినా మార్చేయండి. ఆ నురగలోని గాలి బుడగలు నలిగే దెబ్బని మింగుతాయి, నలిగినవి మళ్లీ ఉబ్బవు. అదే చోట రెండోసారి తగిలితే మింగడానికి ఏమీ మిగలదు.

*ఆరేళ్ల మనవడికి పెద్ద సైజు కొంటే నాలుగేళ్లు వస్తుందని షాపువాడంటున్నాడు.*
— ఒక తాతగారు, రాజాం

చొక్కా అయితే సరే. హెల్మెట్ ఈ రోజు తలకి సరిపోవాలి. బిళ్ల బిగింపుతో రెండు మూడు సెంటీమీటర్లు సర్దుకుంటుంది, అంతవరకే చూసుకోండి. ఇంకోటి: సైకిలు దిగి జామచెట్టో, జారుడుబల్లో ఎక్కబోతే ముందు హెల్మెట్ తీయించండి. కొమ్మకి తగులుకుంటే గడ్డం పట్టీయే ఉరి అవుతుంది.

*పంచెతో తొక్కడం అలవాటు. ఈ మధ్య లుంగీ కడుతున్నాను, రెండుసార్లు చైను నమిలేసింది.*
— రైతు, గజపతినగరం దగ్గర

పంచె గోచీ పోసి కట్టుకుంటే రెండు కాళ్లూ విడివిడిగా ఉంటాయి, చివర్లు వెనక బిగిసి ఉంటాయి. లుంగీ ఒకే గొట్టం. మోకాళ్ల పైకి మడిచి కట్టినా పదిహేను నిమిషాలు తొక్కేసరికి ముడి జారి, కుడి అంచు కిందకి దిగుతుంది. పైన బెల్టు పెట్టండి, లేకపోతే కుడిపక్క అంచుని నడుములో దోపండి. ప్యాంటు వేసుకునేవాళ్లకి సైకిలు ట్యూబు ముక్క చాలు. పాత ట్యూబుని అడ్డంగా అంగుళం వెడల్పు కోసి, అది కాలికి చిన్నదవుతుంది కాబట్టి నిలువునా చీల్చి, రెండు ముక్కలు ముడివేస్తే మంచి పట్టీ.

*బ్యాంకు ఉద్యోగం. ఇంటి నుంచి ఏడు రోడ్ల కూడలి దాకా నాలుగు కిలోమీటర్లు. చెమటకి చొక్కా ముద్దవుతోంది, ప్యాంట్లు సీటు దగ్గర చిరిగిపోతున్నాయి.*
— శ్రీకాకుళం

చెమట గురించి ముందు. మన తీరం గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. వీపు సంచి తీసి క్యారేజీ మీద పెట్టండి, సగం తడి అక్కడే పోతుంది. బిగుతు బనీను మీద బిగుతు చొక్కా వద్దు. పాలిస్టరు నీళ్లు పీల్చదు, త్వరగా ఆరుతుంది గాని వాసన పడుతుంది. నూలు పీల్చుకుని బరువెక్కుతుంది. నాలుగు కిలోమీటర్లకి, నింపాదిగా తొక్కేవాళ్లకి, వదులు నూలు చొక్కాయే మా ఓటు. మీకు పక్కనే పొందూరు ఉంది. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, సన్నగా వడికి నేసిన ఆ ఖద్దరు గాలి ఆడటంలో దేనికీ తీసిపోదు. అంత ఖరీదు చొక్కాని సైకిలు మీద నలపడం మాత్రం మాకు మనసొప్పదు. పాత వదులు చొక్కాతో వెళ్లి, ఆఫీసు చొక్కాని చుట్టగా చుట్టి తీసుకెళ్లండి, మడత పెడితే గీతలు పడతాయి. పది నిమిషాలు ముందు బయల్దేరి, చివరి అర కిలోమీటరు మెల్లగా తొక్కి, దిగాక ఫ్యాను కింద ఐదు నిమిషాలు కూర్చుని, చెమట ఆగాకే మార్చుకోండి. దిగీ దిగగానే మార్చుకుంటే రెండో చొక్కా కూడా తడుస్తుంది.

చిరుగు సంగతి. ప్యాంటు నాలుగు కుట్లు ఒకే బిందువు దగ్గర కలుస్తాయి, సైకిలు సీటు ముక్కు సరిగ్గా దాని మీదే ఒరుసుకుంటుంది. దర్జీకి చెప్పి అక్కడ డైమండ్ ఆకారంలో మూడంగుళాల ముక్క అదనంగా వేయించండి. కుట్లు నాలుగు పక్కలకీ జరిగిపోతాయి. సీటు కూడా చూసుకోండి. మరీ ఎత్తుగా ఉంటే పెడల్ అందుకోవడానికి నడుము అటూ ఇటూ ఊగి బట్టని రాపిడి పెడుతుంది. మడమని పెడల్ మీద పెట్టి కిందకి తొక్కితే కాలు తిన్నగా సాగాలి, నడుము ఒరగకూడదు. రెక్సిను పగిలి ఉంటే కవరు మార్చండి, ఆ అంచు ఆకురాయిలా కోస్తుంది.

*వానకి గొడుగు పట్టుకుని తొక్కుతాం. మా ఊళ్లో అందరూ అంతే. రెయిన్‌కోటు వేస్తే లోపల చెమటకి అంతకంటే తడుస్తాం.*
— పలాస

గొడుగు ఏ చేత్తో పడతారు? మన సైకిళ్లకి సాధారణంగా కుడి చేతి బ్రేకు ముందు చక్రానిది, ఆపే బలంలో ఎక్కువ భాగం దానిదే. కుడి చేత్తో గొడుగు పడితే మీకు మిగిలేది వెనక బ్రేకు, అదీ తడిసిన రిమ్ము మీద. సముద్రపు గాలి ఒక్కసారి తిరిగితే గొడుగుతో పాటు మీరూ రోడ్డు మధ్యలోకి పోతారు. గొడుగు మానేయండి.

రెయిన్‌కోటు గురించి మీరన్నది నిజమే. చంకల కింద, వీపు మీద గాలి పోయే చీలికలున్నది తీసుకోండి, వదులుగా ఉండాలి. దుప్పటిలా కప్పుకునే రకం గాలి బాగా ఆడుతుంది గాని ముందు అంచుని బొటనవేళ్లకి తగిలించుకునే ఉంగరాలు ఉండాలి, వెనక అంచు సీటు దాటకూడదు. దాటితే మొదటి ఉత్తరంలోని చున్నీ కథే. లేతరంగు కొనండి, నల్ల రెయిన్‌కోటు మబ్బు పట్టినప్పుడు రోడ్డు రంగులో కలిసిపోతుంది. కింద నుంచి చిమ్మే బురదకి ఏ కోటూ ఆగదు. ముందు మడ్‌గార్డు చివర ట్యూబు రబ్బరు ముక్క జానెడు వేలాడదీస్తే కాళ్లు పొడిగా ఉంటాయి. హవాయి చెప్పులు తడి పెడల్ మీద జారతాయి, వెనక పట్టీ ఉన్న సాండిల్స్ వేసుకోండి. బ్రేకుని ముందే రెండుసార్లు మెల్లగా పట్టి వదిలితే రిమ్ము మీద నీళ్లు తుడుచుకుపోతాయి, మూడోసారి పడుతుంది.

*ఆదివారాలు విజయనగరం నుంచి రామతీర్థం వెళ్లి వస్తాం. సీటు నొప్పికి ప్యాడు నిక్కర్లు కొనమంటున్నారు. మంచిదేనా?*
— ఇద్దరు డిగ్రీ విద్యార్థులు

గంట దాటి తొక్కితే మంచిదే. లోపల డ్రాయరు వేసుకోకండి. దాని కుట్లే ఒరుసుకుంటాయి, ప్యాడు పెట్టుకుని లాభం ఉండదు. ఒక్కసారి వేసుకున్నది ఉతక్కుండా రెండోసారి వేసుకోవద్దు, గజ్జల్లో పొక్కులొస్తాయి. తిరగేసి ఎండలో ఆరబెట్టండి, ప్యాడు లోపలిదాకా ఆరడానికి పూట పడుతుంది. సిగ్గనిపిస్తే పైన వదులు నిక్కరు వేసుకోండి. గుడి మెట్ల దగ్గర మార్చుకోవడానికి పంచె ఒకటి క్యారేజీకి కట్టుకెళ్లండి.